ఒక్క సినిమాకు ఒక్క ధర ఎందుకు లేదు?

ఐబొమ్మ అనే పైరసీ సినిమాల సైటును నడుపుతున్నాడన్న అభియోగంపై 2025 నవంబరులో హైదరాబాద్ సైబర్ క్రైమ్ పోలీసులు ఒక వ్యక్తిని అరెస్టు చేశారు. మా కుటుంబం వాట్సాప్ గ్రూపులో ఆ వార్త కింద అందరికంటే ముందు స్పందించింది మా పిన్ని. "అయ్యో, ఇక మనం సినిమాలెలా చూస్తాంరా?" అని రాసింది. పిన్ని తణుకులో ముప్పయ్యేళ్లు పిల్లలకు లెక్కలు చెప్పి రిటైరైన టీచరు. కూరగాయల బండి అతను పొరపాటున పది రూపాయలు ఎక్కువ చిల్లర ఇస్తే, వీధి చివరిదాకా వెళ్లి తిరిగి ఇచ్చి వచ్చే మనిషి. అటువంటి మనిషికి ఆ వార్త ఒక దొంగ పట్టుబడినట్టుగా కాక, వీధిలో ఉన్న ఒక్క కిరాణా కొట్టూ మూతపడినట్టుగా వినిపించింది.

ఆ వారమంతా సామాజిక మాధ్యమాల్లో కనిపించిన స్పందన కూడా దాదాపు ఇదే ధోరణిలో సాగింది. అతణ్ణి రాబిన్‌హుడ్‌తో పోల్చినవాళ్లున్నారు. జీవోలు తెచ్చుకుని టికెట్ల ధరలు పెంచుకునే పరిశ్రమకు పైరసీ గురించి మాట్లాడే హక్కు లేదన్నవాళ్లున్నారు. ఆ సైటు బెట్టింగ్ యాప్‌ల ప్రకటనలతో సంపాదించిందనీ, దాదాపు 50 లక్షల మంది వివరాలు అక్కడ పోగుపడ్డాయనీ పోలీసులు చెప్పిన మాటను మాత్రం చాలామంది పట్టించుకోలేదు. నాకు మొదట కోపం వచ్చింది. సినిమాలకు సౌండ్ మిక్సింగ్ చేసే మిత్రుడొకరు నాకున్నారు. సినిమాలో ఒక రీలు కోసం ఆయన ఎన్ని రాత్రులు మేలుకుంటారో నేను దగ్గరుండి చూశాను. కానీ పిన్ని ప్రశ్నను ఆ కోపంతో పక్కన పెట్టలేకపోయాను. ఆమె ఉచితంగా కావాలని అడగలేదు, ఎలా చూడాలని అడిగింది.

టికెట్ ధరల వాదన ఈ సందర్భానికి పూర్తిగా అతకదని నా అభిప్రాయం. థియేటరులో సెల్‌ఫోన్‌తో తీసిన మసక ప్రింట్లకు వేరే సైట్లున్నాయి. ఐబొమ్మకు ఇంటింటా పేరు రావడానికి కారణం ప్రధానంగా ఓటీటీ నుంచి తీసిన శుభ్రమైన ప్రింట్లు. "ఐబొమ్మలో వచ్చిందా?" అని అడిగేవాళ్ల ఉద్దేశం "ఓటీటీలోకి వచ్చిందా?" అనే. అంటే ఆ సైటు థియేటరుతో పోటీ పడిన దానికంటే ఎక్కువగా ఓటీటీలతోనే పోటీ పడింది. టికెట్టు అయిదు వందలుందని థియేటరుకు వెళ్లనివాడు నెలో, రెండు నెలలో ఆగగలిగితే, అదే సినిమా ఏదో ఒక యాప్‌లో, టికెట్ డబ్బుల కంటే తక్కువ నెల చందాకే దొరుకుతుంది. అయినా జనం యాప్‌ను వదిలి పైరసీ సైటుకు వెళ్లారంటే, దానికి జవాబు టికెట్ల జీవోల్లో దొరకదు.

నాకు తోచిన జవాబు ఇది. పైరసీకి ఓటీటీల ధర ఒక కారణమే. అంతకంటే పెద్ద కారణం సినిమాలు యాప్‌ల మధ్య చెల్లాచెదరైపోవడం, అలా చెదిరినవాటిలో మనకు కావలసిన ఒక్కదాన్ని విడిగా కొనుక్కునే వీలు లేకపోవడం. ఒక సినిమా చూడాలనుకున్న మనిషికి మన మార్కెట్ ఏడాది చందా అమ్మజూపుతోంది.

తణుకులో ఒక సాయంత్రం

ఆ ఏడాది వేసవిలో పిన్ని వాళ్లింటికి వెళ్లినప్పుడు జరిగిన సంగతి ఇది. ఇంటర్నెట్ కనెక్షన్‌తో పాటు వాళ్లకు ఒక ఓటీటీ యాప్ ఉచితంగా వచ్చింది. అందులో ఒక పెద్ద సినిమా మొదటి భాగం చూశారు. రెండో భాగం కూడా వచ్చేసిందని పక్కింటావిడ చెప్పడంతో, "ఏరా, నువ్వైతే తొందరగా వెతుకుతావు, పెట్టు" అంది పిన్ని. వెతికితే రెండో భాగం అందులో లేదు. అది వేరే యాప్‌కు అమ్ముడుపోయింది. సరే, చందా కట్టేద్దామని నా ఫోన్ నుంచే ఆ రెండో యాప్‌లో అన్నిటికంటే చవకైన ప్లాన్ తీసుకున్నాను. డబ్బు కట్టిన తర్వాత, ఆ ప్లాన్ ఫోన్‌లో తప్ప టీవీలో పనిచేయదని తెర మీద సందేశం వచ్చింది. టీవీలో చూడాలంటే పై ప్లాన్‌కు మారాలి. దానికి నెలనెలా ఖాతా నుంచి డబ్బు దానంతట అదే కట్ అయ్యేలా ఆటోపేకు ఒప్పుకోవాలి. చదువుకున్న ఇద్దరం, పెద్ద తెర మీద ఒక సినిమా పెట్టుకోవడానికి ముప్పావుగంట అవస్థ పడ్డాం.

ఆ ముప్పావుగంటలో పిన్ని లోపలికి వెళ్లి వంద రూపాయల నోటు తెచ్చి నా చేతిలో పెట్టింది. "ఈ ఒక్క సినిమాకు ఎంతో కనుక్కుని ఇచ్చేయరా, ఏడాదంతా నాకెందుకు?" అంది. ఆ నోటు తీసుకునేవాళ్లు ఎవరూ లేరు. పదో తరగతి చదువుతున్న ఆమె మనవడు అంతసేపూ మా ఇద్దరినీ చూస్తూ కూర్చుని, చివరికి తన ఫోన్‌లో ఒక పైరసీ సైటు తెరిచి రెండు నిమిషాల్లో సినిమాను టీవీకి కలిపేశాడు. సినిమా మొదలయ్యే ముందు ఒక బెట్టింగ్ యాప్ ప్రకటన వచ్చింది. దాన్ని ఎలా దాటాలో ఆ పిల్లాడికి బాగా అలవాటు. ఆ రాత్రి నాకు నిద్రపట్టనివ్వనిది ఆ అలవాటే. నిజాయతీగా డబ్బు కడదామనుకున్న ఇంట్లోకి జూదం ప్రకటనతో సహా పైరసీ ప్రవేశించింది. ఆ ఇంట్లో ఎవరూ తప్పు చేస్తున్నామనుకోలేదు. వాళ్లు కట్టడానికి తెచ్చిన వంద రూపాయలు ఇంకా బల్ల మీదే ఉన్నాయి.

ఇది ఏదో ఒక సినిమాకు జరిగిన పొరపాటు కాదు. "పుష్ప" మొదటి భాగం 2022 జనవరిలో అమెజాన్ ప్రైమ్‌లో వచ్చింది, రెండో భాగం 2025 జనవరిలో నెట్‌ఫ్లిక్స్‌లో వచ్చింది. "ఆర్ఆర్ఆర్" 2022 మే 20న తెలుగులో జీ5కు, హిందీలో నెట్‌ఫ్లిక్స్‌కు వెళ్లింది. "కల్కి 2898 ఏడీ" 2024 ఆగస్టు 22న తెలుగులో ప్రైమ్‌కు, హిందీలో నెట్‌ఫ్లిక్స్‌కు వెళ్లింది. తెలుగు భర్త, హిందీ భార్య ఉన్న ఇల్లు నాకు బాగా తెలిసినది ఒకటుంది. ఆ ఇంట్లో ఒకే సినిమాను ఇద్దరూ తమ తమ భాషల్లో చూడాలంటే రెండు చందాలు కావాలి. ఇవిగాక ఆహా, ఈటీవీ విన్, సన్ నెక్స్ట్, సోనీలివ్ ఉన్నాయి. అమెరికా చానల్ హెచ్‌బీవో కార్యక్రమాలు 2023 మార్చి చివర హాట్‌స్టార్ నుంచి మాయమై, మే నెలలో జియోసినిమాలో తేలాయి. 2025 ఫిబ్రవరి 14న ఆ రెండు యాప్‌లే కలిసిపోయి జియోహాట్‌స్టార్ అయ్యాయి. ఏ సినిమా ఎక్కడుందో గుర్తు పెట్టుకోవడమే ఒక పనిగా మారింది. ఆ పనిని చూసేవాడి మీద వేసి, దానికి అతని దగ్గరే డబ్బు తీసుకుంటున్నాం.

ధర మాటేమిటి?

ధర సంగతిని తేలికగా తీసేయడం న్యాయం కాదు కాబట్టి లెక్క వేసి చూద్దాం. ప్రైమ్ ఏడాది చందా 2021 డిసెంబరులో 999 నుంచి 1,499 రూపాయలకు పెరిగింది. సరిగ్గా అదే నెలలో నెట్‌ఫ్లిక్స్ ఎదురు దారిన వెళ్లి, 499 రూపాయల బేసిక్ ప్లాన్‌ను 199కి, 199 రూపాయల మొబైల్ ప్లాన్‌ను 149కి తగ్గించింది. జియోహాట్‌స్టార్ మొదలైనప్పుడు రెండు పరికరాల్లో చూడగలిగే సూపర్ ప్లాన్ ఏడాదికి 899 రూపాయలు. ప్రైమ్‌కు 1,499, నెట్‌ఫ్లిక్స్ బేసిక్‌కు ఏడాదికి 2,388, దాని మీద ఈ 899 కలిపితే 4,786 రూపాయలు. నెలకు నాలుగు వందలకు కాస్త తక్కువ. ఆహా, జీ5, తక్కినవి ఇందులో లేవు. పైగా 2025 జూన్ 17 నుంచి ప్రైమ్ వీడియోలో ప్రకటనలు మొదలయ్యాయి. అవి లేకుండా చూడాలంటే ఏడాదికి మరో 699 కట్టాలన్నారు. డబ్బు కట్టి కొనుక్కున్న దానిలోకి ప్రకటన వచ్చి కూర్చున్నప్పుడు, ఉచిత సైటుకూ దీనికీ ఉన్న తేడాల్లో ఒకటి తగ్గిపోయిందని సంస్థలు గమనించినట్టు లేదు.

నెలకు నాలుగు వందలంటే నలుగురున్న ఇల్లు మల్టీప్లెక్స్‌కు ఒక్కసారి వెళ్లే ఖర్చులో సగం కూడా ఉండదు. ఆ లెక్కన చూస్తే ధర ఎక్కువ కాదు. కానీ మా పిన్ని వాళ్లింట్లో కేబుల్‌కు నెలకు మూడు వందలు కడతారు. ఆ మూడు వందలకు వార్తలు, సీరియళ్లు, పాత సినిమాలు, భక్తి చానళ్లు అన్నీ ఒకే రిమోట్‌కు వస్తాయి. మధ్యతరగతి ఇల్లు ఓటీటీ ధరను పోల్చుకునేది దీనితోనే, మల్టీప్లెక్స్‌తో కాదు. ఇక రోజు కూలి మీద బతికే ఇంటికి ఏడాది చందా ఒకేసారి కట్టడమే పెద్ద విషయం. రేటు ఎంత తగ్గించినా అది ఒక్కరోజు చేతిలోంచి పోయే పెద్ద మొత్తమే.

ధర తగ్గిస్తే ఫలితం ఉంటుందనడానికి నెట్‌ఫ్లిక్సే సాక్ష్యం ఇచ్చింది. భారతదేశంలో ధరలు తగ్గించిన తర్వాత 2022లో వీక్షణ దాదాపు 30 శాతం పెరిగిందనీ, ఆదాయ వృద్ధి అంతకుముందు ఏడాది ఉన్న 19 శాతం నుంచి 24 శాతానికి చేరిందనీ 2023లో ఆ సంస్థ తన వాటాదారులకు చెప్పింది. ఆ అనుభవంతోనే 2023 ఆరంభంలో వందకు పైగా దేశాల్లో ధరలు తగ్గించింది. అంటే ధర ప్రభావం లేనిది కాదు, నేను దాన్ని కాదనడం లేదు. అయితే నెట్‌ఫ్లిక్స్ ధర తగ్గించిన తర్వాతి సంవత్సరాల్లోనే తెలుగు ఇళ్లలో ఐబొమ్మ పేరు కూడా పెరిగింది. ఒక కొట్టులో బియ్యం చవకైనా, పప్పు ఇంకో ఊళ్లో, నూనె మరో ఊళ్లో దొరుకుతుంటే సరుకుల సంచి నిండదు.

కంప్యూటర్ ఆటలు తయారుచేసి అమ్మే వాల్వ్ సంస్థ స్థాపకుల్లో ఒకరైన గేబ్ న్యూవెల్ ఆ ఆటల గురించి 2011లోనే ఈ మాట అన్నారు. పైరసీ చాలావరకు ధర సమస్య కాదనీ, సేవకు సంబంధించిన సమస్య అనీ ఆయన వాదన. అమెరికాలో స్ట్రీమింగ్ ఒకే పెద్ద దుకాణంగా ఉన్నంతకాలం ఫైళ్లను ఒకరికొకరు పంచుకునే టొరెంట్ల వాటా తగ్గుతూ వచ్చి, ప్రత్యేక కార్యక్రమాలు పలు సంస్థల మధ్య చీలిపోయాక ప్రపంచవ్యాప్తంగా మళ్లీ పెరగడం మొదలైందని ఇంటర్నెట్ ట్రాఫిక్‌ను కొలిచే శాండ్‌వైన్ సంస్థ 2018లో చెప్పింది. డిస్నీ ప్లస్ అప్పటికి ఇంకా మొదలే కాలేదు.

పాటల విషయంలో ఏం జరిగింది

నా వాదనకు నాకు అన్నిటికంటే ఎక్కువ ధైర్యం ఇచ్చేది తెలుగు పాటల అనుభవం. నేను కాలేజీలో చదివే రోజుల్లో డబ్బు పెట్టి పాట కొనుక్కున్నవాణ్ణి మా హాస్టల్లో ఒక్కణ్ణి కూడా చూడలేదు. హైదరాబాదులో కోఠి ఫుట్‌పాత్‌ల మీద వంద పాటలు, నూటయాభై పాటలు ఒకే ఎంపీత్రీ సీడీలో నింపి అమ్మేవారు. ఆ తర్వాత ఆడియో విడుదలైన రాత్రికే పాటలన్నీ డౌన్‌లోడ్ సైట్లలో ఉండేవి. సెల్‌ఫోన్ రీఛార్జ్ చేసే కొట్లలో మెమరీ కార్డు ఇచ్చి ఇరవై రూపాయలిస్తే దాని నిండా పాటలు వేసి ఇచ్చేవారు. అప్పుడు కూడా ఇదే మాట అనేవారు: మనవాళ్లు ఉచితానికి మరిగారు, ఇక పాటకు డబ్బు కట్టరు, ఆడియో వ్యాపారం పోయినట్టే.

ఇప్పుడు మెమరీ కార్డులో పాటలు నింపించుకునేవాళ్లు ఎక్కడున్నారు? డౌన్‌లోడ్ సైట్లు ఇంకా ఉన్నాయి. వాటిని వెతికే ఓపికే ఎవరికీ లేదు. పోలీసులు ఆ కొట్ల మీద దాడులు చేయడం వల్ల ఈ మార్పు రాలేదు. జియోసావన్ తీసినా, స్పాటిఫై తీసినా, యూట్యూబ్ మ్యూజిక్ తీసినా, 1960ల ఘంటసాల పాట నుంచి నిన్న విడుదలైన పాట దాకా దాదాపు అన్నీ అన్నింటిలో ఉండడం వల్ల వచ్చింది. ఏ యాప్ ఉంచుకోవాలన్నది వినేవాడి ఇష్టం. కంపెనీలు ధరతో, సౌకర్యంతో పోటీ పడతాయి, పాటను దాచిపెట్టి పోటీ పడవు. డబ్బు కట్టలేనివాడు మధ్యలో ప్రకటన విని ఊరుకుంటాడు, ఆ ప్రకటన డబ్బులో కొంత పాట హక్కులున్నవాళ్లకు చేరుతుంది. ఈ ఏర్పాటులో కళాకారులకు అందేది చాలదన్న ఫిర్యాదు ఉంది, అది న్యాయమైన ఫిర్యాదే. కానీ పైరసీ మాట అడిగితే, దాన్ని ఇంతగా వెనక్కి నెట్టింది ఈ ఏర్పాటే.

పాత సినిమాల విషయంలోనూ ఇదే జరిగింది. ముప్పయి నలభై ఏళ్ల నాటి తెలుగు సినిమాలు వందలకొద్దీ యూట్యూబులో హక్కుదారుల చానళ్లలోనే పూర్తిగా ఉన్నాయి. మా పిన్ని మధ్యాహ్నాలు వాటిని చూస్తూ గడిచిపోతాయి. ఆ సినిమాల కోసం ఆమె మనవణ్ణి ఏనాడూ పిలవలేదు. పైరసీ సైటు అవసరం పడేది గత ఐదారేళ్లలో వచ్చిన సినిమాలకే. ప్రత్యేక హక్కుల తాళం పడి ఉన్నవీ అవే.

పాటకూ సినిమాకూ తేడా ఉందన్నది నిజం, దాన్ని దాటవేయను. పాటను వందసార్లు వింటాం, సినిమాను ఒకసారి చూస్తాం. పాట ఖర్చు లక్షల్లో ఉంటే సినిమా ఖర్చు కోట్లలో ఉంటుంది. డిజిటల్ హక్కులను ఒకే సంస్థకు ముందుగా అమ్మడం వల్లనే మొదలైన సినిమాలు తెలుగులో చాలా ఉన్నాయి. ఆ ముందస్తు డబ్బు ప్రత్యేకతకు ఇచ్చే ధర. అందరికీ దొరికే సినిమాకు ఏ సంస్థా అంత ఇవ్వదు. ఈ అభ్యంతరం బలమైనది. నా దగ్గర దీనికి సగం జవాబే ఉంది, అది తర్వాత చెబుతాను.

కట్టనివాళ్లు ఎప్పటికీ కట్టరా?

ఇంకా బలమైన అభ్యంతరం ఒకటుంది. కన్సల్టింగ్ సంస్థ ఈవై, ఇంటర్నెట్ కంపెనీల సంఘం ఐఏఎంఏఐ కలిసి 2024 అక్టోబరులో వెలువరించిన నివేదిక, 2023లో మన దేశంలో పైరసీ విలువను 22,400 కోట్ల రూపాయలుగా అంచనా కట్టింది. అందులో 13,700 కోట్లు థియేటర్ల నుంచి, 8,700 కోట్లు ఓటీటీల నుంచి దొంగిలించినవాటిదని చెప్పింది. పైరసీ వైపు వెళ్లడానికి కారణాలు అడిగితే చందాల భారం, కావలసినది దొరకకపోవడం, అనేక చందాలను చూసుకోవడంలోని ఇబ్బంది అని జనం చెప్పారు. ఇంతవరకూ అది నా వాదనకు అనుకూలమే. కానీ అదే నివేదికలో, పైరసీ చూసేవాళ్లలో 70 శాతం మందికి ఏ ఓటీటీ చందా కట్టే ఉద్దేశమూ లేదని కూడా ఉంది. అది చదివినప్పుడు నేను కొన్ని రోజులు ఈ వ్యాసం రాయడం ఆపేశాను. పదిమందిలో ఏడుగురు ఎలాగూ కట్టనప్పుడు, చెదిరిపోవడం గురించి ఇంత బాధపడడం దేనికి అనిపించింది.

తర్వాత మళ్లీ చదివితే రెండు సంగతులు కనిపించాయి. వాళ్లు కట్టనన్నది చందా. నాకు తెలిసినంతలో మా పిన్ని కూడా ఆ డెబ్బై శాతంలోనే ఉంటుంది, అయినా వంద రూపాయల నోటు తెచ్చింది కూడా ఆమే. రెండోది, ఆ నివేదికలోనే, ప్రకటనలున్నా సరే ఉచితంగా ఇస్తే అధికారిక మార్గంలోకి వస్తామని 64 శాతం మంది చెప్పారు. డబ్బు కట్టనివాడు ప్రకటన చూస్తానంటున్నాడు. ప్రస్తుతం అతను చూస్తున్న ప్రకటన బెట్టింగ్ యాప్‌ది. ఆ చూపు విలువ ఎవరి జేబులోకి వెళుతోందో మనకు తెలుసు. దాన్ని నిర్మాత వైపు తిప్పుకోవడానికి అవకాశం ఉందని 2023 ఐపీఎల్ చూపించింది. జియోసినిమా మ్యాచ్‌లను ఉచితంగా ఇచ్చినప్పుడు, ఫైనల్‌ను ఒకే సమయంలో చూసినవారి సంఖ్య 3.2 కోట్లకు చేరింది.

22,400 కోట్లన్న అంకెను మాత్రం నేను నష్టంగా తీసుకోను. ఉచితంగా చూసిన ప్రతివాడూ లేకపోతే డబ్బు కట్టి ఉండేవాడని ఎవరూ నమ్మరు. కానీ ఆ అంకె పెద్దది కాబట్టి మాత్రమే పైరసీ తప్పన్న వాదన నాకు అక్కర్లేదు. నా మిత్రుడు చెప్పిన చిన్న అంకె చాలు.

ఆయన పనిచేసిన ఒక చిన్న సినిమా థియేటర్లలో వారం కూడా ఆడలేదు. దాన్ని మొత్తంగా కొనడానికి ఏ ఓటీటీ ముందుకు రాలేదు. చివరికి జనం చూసిన నిమిషాల లెక్కన డబ్బిచ్చే పద్ధతిలో ఒక యాప్‌లో పెట్టారు. అది యాప్‌లోకి వచ్చిన రాత్రే పైరసీ సైట్లలో కనిపించింది. విచిత్రంగా సినిమా జనానికి నచ్చింది. ఆయనకు ఫోన్లు వచ్చాయి, బస్సులో పక్కన కూర్చున్న కుర్రాడు ఫోన్‌లో అదే సినిమా చూస్తూ నవ్వడం ఆయన కళ్లారా చూశారు. తెర మీద ఉన్నది పైరసీ సైటు. నిమిషాల లెక్కన డబ్బొచ్చే సినిమాకు, ఆ కుర్రాడు చూసిన నూట ముప్పయి నిమిషాలు ఎక్కడా నమోదు కాలేదు. "బాగుందని చెప్పి నన్ను మెచ్చుకుంటే నేనేం చెప్పాలండీ?" అని అడిగారాయన. పెద్ద హీరో సినిమాకు హక్కుల డబ్బు ముందే అందిపోతుంది కాబట్టి, ఓటీటీ పైరసీ దెబ్బ మొదట తగిలేది ఇలాంటి సినిమాలకే. రాబిన్‌హుడ్ అన్నవాళ్లకు ఈ ఒక్క సంగతి తెలియాలని నాకు గట్టిగా ఉంది.

చట్టం పని చట్టం చేయాల్సిందే. 2023లో సవరించిన సినిమాటోగ్రాఫ్ చట్టం ప్రకారం దొంగ ప్రింటు తీసినవారికి 3 నెలల నుంచి 3 ఏళ్ల వరకు జైలు, కనీసం 3 లక్షల రూపాయల జరిమానా, అది గరిష్ఠంగా సినిమా నిర్మాణ వ్యయంలో 5 శాతం వరకు ఉండవచ్చు. అరెస్టులు అవసరమే. కానీ ఒక సైటు మూతపడితే దాని చోట ఇంకొకటి రావడం మనం ఎన్నోసార్లు చూశాం. కొనేవాడికి కావలసింది అమ్మే న్యాయమైన దుకాణం తెరుచుకునేదాకా ఆ చోటు ఖాళీగా ఉండదు.

కేబుల్‌కు ఉన్న నియమం

ఇక్కడ మన దేశంలోనే ఉన్న ఒక పాత నియమాన్ని గుర్తుచేయాలి. టీవీ చానళ్ల విషయంలో టెలికాం, ప్రసారాల నియంత్రణ సంస్థ ట్రాయ్ 2004 నుంచి, ఒక చానల్ తన ప్రసారాన్ని ఒకే కేబుల్ ఆపరేటర్‌కో, ఒకే డీటీహెచ్ సంస్థకో ప్రత్యేకంగా కట్టబెట్టడానికి వీల్లేదని, అడిగిన పంపిణీదారులందరికీ వివక్ష లేకుండా ఇవ్వాలని నియమం పెట్టింది. అందుకే మీ ఇంట్లో ఏ డిష్ ఉన్నా మీకు కావలసిన తెలుగు చానల్ వస్తుంది. క్రీడల విషయంలో 2007లో తెచ్చిన చట్టం ఇంకా ముందుకు వెళ్లి, జాతీయ ప్రాముఖ్యం ఉన్న మ్యాచ్‌లను ప్రైవేటు చానళ్లు దూరదర్శన్‌ను నడిపే ప్రసార భారతితో పంచుకోవాలని చెప్పింది. ఈ నియమాలు వచ్చినప్పుడు చానళ్లు దివాలా తీయలేదు. ఓటీటీలకు ఇలాంటి నియమం ఏదీ లేదు. 2021 నాటి ఐటీ నిబంధనలు వాటిలో ఏం చూపవచ్చో చెప్పాయి గాని, ఎవరికి ఎలా అమ్మాలో చెప్పలేదు.

కేబుల్ నియమాన్ని ఉన్నదున్నట్టు ఓటీటీకి అతికించమని నేను అనను. నిర్మాతకు ముందుగా వచ్చే డబ్బు గురించిన అభ్యంతరం అక్కడ నిజంగానే అడ్డుపడుతుంది. ప్రభుత్వం ధరలు నిర్ణయించడం మొదలుపెడితే ఏమవుతుందో టికెట్ల విషయంలో రెండు తెలుగు రాష్ట్రాల్లోనూ చూశాం. నాకు సాధ్యమనిపించేది ఇది: ప్రత్యేక హక్కులకు ఒక కాలపరిమితి ఉండాలి. ఏడాదో, పద్దెనిమిది నెలలో ఒకే యాప్‌కు ఇవ్వండి, ఆ తర్వాత అదే సినిమా అడిగిన యాప్‌లన్నింటికీ, ప్రకటనలతో నడిచే ఉచిత చానళ్లకూ వెళ్లాలి. మొదటి ఏడాదిలోనూ చందా లేనివాడు ఆ ఒక్క సినిమాను అద్దెకు తీసుకునే వీలుండాలి. ముందస్తు డబ్బు కొంత తగ్గుతుంది. తగ్గినదానిలో ఎంత అద్దెల ద్వారా వెనక్కి వస్తుందో ఏ నిర్మాతల సంఘమైనా నాలుగైదు సినిమాలతో ప్రయత్నిస్తే తప్ప తేలదు. సగం జవాబే అన్నది అందుకే.

అద్దె కొత్త ఆలోచన కాదు. 2022 ఏప్రిల్‌లో ప్రైమ్ వీడియో మన దేశంలో అద్దె దుకాణం తెరిచింది. ఆ ఏడాది మే నెలలో "కేజీఎఫ్ 2"ను 199 రూపాయల అద్దెకు పెట్టింది. కానీ అది చందాదారులకంటే కొద్ది రోజులు ముందుగా చూడాలన్న తొందర ఉన్నవాళ్ల కోసం పెట్టిన ధర. 2025 ఆగస్టులో ఆమిర్ ఖాన్ తన హిందీ సినిమా "సితారే జమీన్ పర్"ను ఏ ఓటీటీకీ ఇవ్వకుండా యూట్యూబులో 100 రూపాయలకు అద్దెకు పెట్టారు. యూపీఐలో పది సెకన్లలో వంద రూపాయలు కట్టడం కూరగాయలమ్మే అవ్వకు కూడా వచ్చిన దేశంలో, తెలుగు నిర్మాతలు ఈ దారిని పెద్దగా పట్టించుకోకపోవడం నాకు బాధ కలిగిస్తోంది.

విదేశాల్లో ఉన్న మనవాళ్లకు ఈ చిక్కు ఇంకో రూపంలో ఉంది. డాలస్‌లో ఉన్న మా చెల్లెలికి డబ్బు సమస్య కాదు. ఇక్కడ ఒక యాప్‌లో ఉన్న సినిమా అక్కడ వేరే యాప్‌లో ఉంటుంది, కొన్ని ఆ దేశంలో అందుబాటులో లేవన్న సందేశంతో ఆగిపోతాయి. వాళ్ల అపార్ట్‌మెంటులో సగం తెలుగు ఇళ్లు అన్ని చానళ్లూ, అన్ని సినిమాలూ వచ్చే పెట్టె ఒకటి కొనుక్కున్నాయట. దానికి వాళ్లు డబ్బు కడుతున్నారు. పైరసీకి కడుతున్నారు. ఉచితం కోసమే జనం అటు వెళతారన్న మాట అక్కడ నిలబడదు.

ఈ వ్యాసం పూర్తి చేసే ముందు నా మిత్రుడికి చదివి వినిపించాను. కాలపరిమితి గురించి ఆయనకు పెద్ద ఆశ లేదు, పెద్ద సంస్థలు ఒప్పుకోవన్నారు. అద్దె దగ్గర మాత్రం ఆగారు. "మా సినిమాను ఎవరూ ప్రత్యేకంగా కొనలేదు కదండీ. అయినా ఒక్క యాప్‌లోనే ఎందుకు పెట్టామో నాకూ తెలియదు. మా నిర్మాతను అడుగుతాను" అన్నారు. ఎంత పెడితే బాగుంటుందని నన్నడిగారు. నేను అరవై అన్నాను. ఆ సాయంత్రమే పిన్నికి ఫోన్ చేసి, కథ రెండు ముక్కల్లో చెప్పి అదే ప్రశ్న అడిగాను. హీరో ఎవరని అడిగింది, కొత్తవాడని చెప్పాను. కాస్త ఆలోచించి, "యాభై అయితే చూస్తానురా. బాగుంటే మీ బాబాయికి చెప్పి ఇంకోసారి పెట్టిస్తాను, అప్పుడు మళ్లీ యాభై కట్టాలా?" అంది.